ఆకు వాడేలోపల

సోమవారం పొద్దున ముత్తప్ప దొడ్డి ఊడుస్తూ ఉంటే మధుమిత మేడం స్కూటీ వచ్చి గేటు ముందు ఆగింది. ఆమె ఎప్పుడూ పది దాటితే గానీ రాదు. ఎనిమిదికే వచ్చిందంటే పైనుంచి ఎవరో వస్తూ ఉండాలి, లేకుంటే పైనుంచి ఎవరో తిట్టి ఉండాలి. ముఖం చూడగానే రెండోదేనని ముత్తప్పకు తెలిసిపోయింది. హెల్మెట్ కూడా తీయకుండా అడిగింది.

"ముత్తప్పా, శనివారం కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు నువ్వేం తీసుకున్నావప్పా?"

"తాంబూలం తీసుకున్నాను మేడం."

"ఇంకా?"

"ఒక శాలువా. రెండు టెంకాయలు. ఒక చీపు అరటిపండ్లు." చీపురు గోడకు ఆనించి కొంచెం ఆలోచించాడు. "అరటిపండ్లు తినేసినాము మేడం."

ఆమె ఫోను తీసి చూపించింది. అందులో ముత్తప్ప ఉన్నాడు. మెడలో శాలువా, రెండు చేతుల్లో తట్ట, పక్కన కంపెనీ విష్ణువర్ధన్ పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కింద నాలుగు వరుసల ఇంగ్లీషు.

"ఏం రాసినారు మేడం?"

"మా పరిశోధన నిధిని యూనివర్సిటీ అంగీకరించింది అని రాసినారు. నిన్నటినుంచి ఒకటే ఫోన్లు. ఇంకా ఒప్పుకోనే లేదు, ఎవరప్పా ఆ తట్ట పట్టుకున్నది అని అడుగుతా ఉండారు."

ముత్తప్పకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం అతనికి కొత్త కాదు. ఈ చోట పదకొండేళ్ళుగా అర్థం కాకుండానే పని చేస్తున్నాడు.

బేరిగై దాటినాక, గులాబీ తోటల ప్లాస్టిక్ పందిళ్ళ వెనక, యూనివర్సిటీవాళ్ళ గొర్రెల కేంద్రం ఉంది. పేరు పెద్దదే. ఉన్నది మాత్రం ఒక రేకుల దొడ్డి, ఒక గది, ఒక నీళ్ళ తొట్టి, ఒక మేడం, ఒక ముత్తప్ప. ఆఫీసులన్నీ కృష్ణగిరిలో ఉన్నాయి. జీతాలు అక్కడినుంచే వస్తాయి, తిట్లూ అక్కడినుంచే వస్తాయి, తిట్లు మాత్రం ఆలస్యం కావు. ముత్తప్ప ఇందులో టెంపరరీ. టెంపరరీ అంటే కొన్నాళ్ళకే అని అర్థమట. మూడో తరగతితో బడి మానేసినవాడికి ఆ అర్థం చెప్పినవాళ్ళు లేరు.

పదకొండేళ్ళ కిందట, నాటు గొర్రె జాతి తరిగిపోతోందని యూనివర్సిటీనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ముత్తప్ప ఇంటి మందలోనుంచి పన్నెండు తల్లి గొర్రెలను అడిగాడు. తట్టలో ఆకు వక్క పెట్టి, చాప మీద కూర్చుని, మర్యాదగా అడిగాడు. ముత్తప్ప తల్లి ఆకు నమిలి సరే అంది. గొర్రెలతో పాటు ముత్తప్ప కూడా వచ్చాడు. ఆ పన్నెండే ఇవాళ అరవై అయ్యాయి.

అరవై అన్నది రిజిస్టర్లో లెక్క. దొడ్డిలో ఉన్నవి అరవై ఒకటి. ముత్తప్ప వాళ్ళల్లో ప్రతి మందలోనూ ఒక ఆడగొర్రెను బీరప్ప దేవుడి పేరు మీద విడుస్తారు. దాని చెవి కుట్టరు, దాన్ని అమ్మరు, దాన్ని లెక్కలో చెప్పరు. చెబితే మందకు దిష్టి. ఆ పన్నెండు వెంట పదమూడోదిగా వచ్చింది అలాంటిదే. ఇప్పుడున్న నల్లచుక్క దాని మనవరాలు. నెలాఖరున మేడం రిజిస్టర్ తీసి "ఎన్ని ముత్తప్పా?" అంటుంది. ముత్తప్ప నల్లచుక్కను వదిలేసి చెబుతాడు. ఆమె రాస్తుంది, అతను సంతకం పెడతాడు. చెవులకు బిళ్ళలు వేసే రోజున నల్లచుక్కకు ఎప్పుడూ కడుపునొప్పి వచ్చి పక్క పొలంలో ఉంటుంది.

"దేనికి ఇచ్చినాడో అడగలేదా నువ్వు?" అంది మేడం.

"ఆకు ఇచ్చేవాణ్ణి దేనికని అడిగితే అవమానం చేసినట్టు కదా మేడం. కూర్చున్నాక వాళ్ళే చెప్పాల. ఆయప్ప కూర్చోనే లేదు. ఫోటో పట్టుకుని కారెక్కి పోయినాడు."

ఆమె తొట్టి గట్టు మీద కూర్చుని హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై రెండేళ్ళ మనిషి. రెండేళ్ళుగా ఇక్కడ ఉంది. గొర్రె కాలు విరిగితే తన దుపట్టా చించి కట్టిన మనిషి.

"ఎండాకాలం మేత లేనప్పుడు మన గొర్రెలు ఎట్ల బతుకుతాయో చూడాల, దానికి డబ్బియ్యండి అని నేను రాసినానప్పా. ఎవరూ ఇయ్యలేదు. ఈ దాణా కంపెనీ ఇస్తామనింది. అయితే మా దాణా పెట్టి చూడండి అంటా ఉండారు. తొంభై రోజులు."

"పెట్టేదే కదా. మంచిదే."

"తొంభై రోజులయినాక కోసి చూడాల. మాంసం ఎంత, కొవ్వు ఎంత అని."

"ఎన్నింటిని?"

"అన్నింటినీ."

ముత్తప్ప కత్తికి బెదిరే మనిషి కాదు. ఏటా పొట్టేళ్ళు సంతకు పోతాయి, కాళ్ళు కట్టి ఆటో ఎక్కించేది అతనే. అయితే అది కాపు కోసుకున్నట్టు. తల్లి గొర్రెలను ఒక్కసారిగా ఎవరూ కోయరు. కోసిన తర్వాత ఇంకేం మిగులుతుంది, దొడ్డి తప్ప?

"తల్లి గొర్రెలు కదా మేడం."

"నాకు తెలుసప్పా."

"అయితే ఒప్పుకోవద్దండి."

"ఒప్పుకునేదానికి నేనెవరు? నేను అడిగినదాన్నే. డబ్బు రాకుంటే ఈ కేంద్రాన్నే మూసేస్తామని పోయిన సంవత్సరమే చెప్పినారు. అప్పుడయితే వేలం వేస్తారు."

డబ్బు వస్తే గొర్రెలు పోతాయి. రాకుంటే గొర్రెలూ పోతాయి, కేంద్రమూ పోతుంది. ముత్తప్ప ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఏది మేలో తేలలేదు.

"ఒప్పుకునేది ఎవరు మరి?"

"యూనివర్సిటీ."

"యూనివర్సిటీ అంటే ఎవరు మేడం?"

ఆమె ఒళ్ళో ఉన్న హెల్మెట్ తీసి మళ్ళీ తలకు పెట్టుకుంది.

*

ముత్తప్ప వాళ్ళల్లో గొర్రెల మాటంతా ఆకు మీదే నడుస్తుంది. అడిగేవాడు ఆకు తెస్తాడు. కాపరి చేత్తో తీసుకుంటే విన్నట్టు, నమిలితే ఇచ్చినట్టు. విన్నాక మనసు మారితే, ఆకు వాడేలోపల తీసుకుపోయి ఇచ్చినవాడి చేతిలో పెట్టాలి. వాడు పుచ్చుకుంటే ఆ మాట లేనట్టే. వాడిపోయినాక పెడితే పుచ్చుకోవలసిన పని లేదు.

శనివారం ఇచ్చిన ఆకు. ఇవాళ సోమవారం. ముత్తప్ప పరుగులాంటి నడకతో ఇంటికి పోయాడు. భార్య నంజమ్మ వాకిట్లో ఉలవలు చెరుగుతోంది. ఆమె నోరు ఎర్రగా ఉంది.

ముత్తప్ప నడక అక్కడే ఆగిపోయింది.

"ఏమే, ఆ ఆకు నమిలినావా?"

"ఆకు ఉండేది ఏంటికి, తలకు పెట్టుకునేదానికా?"

"ఎన్ని?"

"మూడో నాలుగో. ఏమయ్యా, ఆకుకు కూడా లెక్క అడుగుతావా నువ్వు?"

అతను అరుగు మీద కూలబడి జరిగినదంతా చెప్పాడు. నంజమ్మ చాట పక్కన పెట్టింది. ముందు కంపెనీవాణ్ణి తిట్టింది, తర్వాత యూనివర్సిటీని తిట్టింది, దారిలో కనపడినందుకు మొగుణ్ణి కూడా తిట్టింది.

"నువ్వు నమిలినావు కదా. మాట ఇచ్చినట్టేనా?" అన్నాడు ముత్తప్ప.

"నన్ను ఎవరయ్యా అడిగినారు గొర్రెలు ఇస్తావా అని? అడగని మాటకు నేను నమిలితే ఏమి, ఉమ్మితే ఏమి? నీ చేతికి ఇచ్చినారు, నువ్వు నమల్లేదు. అంతే."

"అప్పుడు అమ్మ నమిలింది. దాంతోనే పన్నెండు పోయినాయి కదా."

"అది మీ అమ్మ మంద. ఇది ఎవురి మంద?"

ముత్తప్ప లెక్క చూసుకున్నాడు. పదకొండేళ్ళుగా వాటి పురుడు పోసినది అతను. చెవి బిళ్ళల మీద ఉన్నది యూనివర్సిటీ పేరు. ఇప్పుడు డబ్బిచ్చేది కంపెనీ.

నంజమ్మ లేచి, మిగిలిన ఆకులను తడి గుడ్డలో చుట్టి వైరు బుట్టలో పెట్టింది. వక్కలు పెట్టింది. టెంకాయలు పెట్టింది. శాలువా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇది కూడా ఇచ్చేయాల్నా?"

"ఇచ్చేయాల్నే."

"చలికి బాగుంటాది అనుకున్నాను," అని గొణిగి అదీ పెట్టింది.

*

మంగళవారం ముత్తప్ప బస్సెక్కి హోసూరు పోయాడు. సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేటలో దాణా కంపెనీ గేటు కనుక్కునేసరికి పదకొండయింది. సెక్యూరిటీవాడు బుట్ట చూసి "పెండ్లి పత్రికా?" అన్నాడు. అరగంట తర్వాత మెడలో కార్డు ఊపుకుంటూ విష్ణువర్ధన్ బయటికి వచ్చాడు.

"ముత్తప్పన్నా! రాండి రాండి. మన ఫోటోకు ఎన్ని లైకులు వచ్చినాయో తెలుసునా?"

ముత్తప్ప బుట్ట కింద పెట్టి, తడి గుడ్డ విప్పి, ఆకు వక్కలను రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచాడు. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"ఇది తిరిగి తీసుకోప్పా."

"ఏమైందన్నా? శాలువా చిన్నదయిందా?"

"మాట వెనక్కి తీసుకుంటా ఉండాను. వాడలేదు చూడు. నేను నమల్లేదు."

విష్ణువర్ధన్ నవ్వు ఆగిపోయింది. అతనిది శూలగిరి పక్కన పల్లె. ప్యాంటులోకి చొక్కా దోపుకున్నంత మాత్రాన పల్లె పోదు. అతని చేతులు రెండూ వెనక్కి పోయాయి. ముత్తప్ప ఆ చేతులనే చూశాడు.

"ఆ కాలం పోయిందన్నా. ఇది ఒట్టి మర్యాద. డబ్బు విషయానికి వేరే అగ్రిమెంట్ ఉంటాది. దీనికీ దానికీ సంబంధం లేదు."

"ఒట్టి ఆకే కదా అయితే. తీసుకో."

"తీసుకోలేనన్నా."

"ఏంటికి?"

"నేను ఇచ్చింది నీకు గాదు, యూనివర్సిటీకి. వాళ్ళు తిరిగిస్తే తీసుకుంటాను. నువ్వు ఇస్తే ఎట్ల తీసుకునేది?"

"శనివారం నేనే కదప్పా యూనివర్సిటీ?"

సెక్యూరిటీవాడు పకపకా నవ్వాడు. విష్ణువర్ధన్ నవ్వలేదు.

"అది ఫోటోకన్నా. మేడం లేదు, ఎవరో ఒకరు నిలబడాల కదా. నువ్వు నిలబడినావు." గొంతు తగ్గించాడు. "నేను కూడా జీతానికి పని చేసేవాణ్ణే అన్నా. ఇంత డబ్బు ఇయ్యాల, ఇంత పరిశోధన జరగాల అని పైనుంచి చెప్తారు. నేను యాడనో ఒకచోట ఇయ్యాల. కృష్ణగిరికి పో. ఆడ సెల్వరాజ్ అని ఉంటాడు, ఫైలు ఆయన దగ్గరే ఉండాది."

అతను లోపలికి పోయేటప్పుడు కూడా చేతులు వెనకే ఉన్నాయి. ఒట్టి ఆకే అయితే ముట్టుకోవడానికి భయమెందుకు? మాటకు విలువ ఉంటే ఒట్టి ఆకు అనడమెందుకు? తిరిగి వచ్చే బస్సులో ముత్తప్ప బేరిగై దాకా ఇదే అనుకున్నాడు. ఆకుల మీద రెండుసార్లు నీళ్ళు చల్లాడు.

*

బుధవారం కృష్ణగిరి. రోడ్డు పనులకు బస్సు శూలగిరి దగ్గర గంట ఆగింది. కిటికీ ఎండ నేరుగా బుట్ట మీద పడింది. ముత్తప్ప తన తుండు తడిపి బుట్ట మీద కప్పి, తను ఎండలో కూర్చున్నాడు.

ఆఫీసు మూడంతస్తులది. ఏ గదిలో అడిగినా పక్క గది అన్నారు. పక్క గదిలో అడిగితే టీకి పోయారన్నారు. టీ దగ్గర దొరికాడు సెల్వరాజ్. అరవం కలిపి తెలుగు మాట్లాడే మనిషి, యాభై దాటినవాడు. ముత్తప్పను చూడగానే టీ గ్లాసు కింద పెట్టి గుర్తుపట్టాడు.

"అయ్యో, ఆ ఫోటో పెద్దాయన నువ్వేనా? ఈడ అందరి ఫోన్లోనూ నువ్వే ఉండావు. రా అన్నా, టీ తాగు."

టీ తాగించి, తన బల్ల దగ్గరికి తీసుకుపోయి కుర్చీ వేశాడు. ఇంత పెద్ద ఆఫీసులో ముత్తప్పకు కుర్చీ వేసినవాడు అతనొక్కడే. అది చెప్పుకోవాలి. ముత్తప్ప చెప్పినదంతా విన్నాడు. బుట్టలోకి తొంగి చూశాడు. నవ్వలేదు.

"తాంబూలం గురించి నువ్వు దిగులు పడొద్దన్నా. దాన్ని ఈ ఆఫీసులో ఎవరూ లెక్కలో పెట్టుకోరు."

"అయితే ఒప్పుకున్నట్టు కాదు కదా?"

"దాంతో ఒప్పుకున్నట్టు కాదు."

"మరి దేంతో?"

సెల్వరాజ్ ఫైలు తీశాడు. కాగితాలు ఒక్కొక్కటి తిప్పాడు. "ఇది కంపెనీ ఇస్తాము అనేది. ఇది మీ మేడం కావాల అనేది. ఇది కమిటీ తప్పేమీ లేదు అనేది. ఇది లాయరు నాకు అభ్యంతరం లేదు అనేది."

"ఒప్పుకున్నాము అనే కాగితం యాది?"

సెల్వరాజ్ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నట్టు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అట్లాంటి కాగితం ఉండదన్నా. ఇవన్నీ ఉంటే ఒప్పుకున్నట్టే."

"ఎవరు?"

"యూనివర్సిటీ."

"యూనివర్సిటీ యాడుండాదప్పా? నేను పోయి కాళ్ళు పట్టుకుంటాను."

సెల్వరాజ్ మళ్ళీ ఫైలు వైపే చూశాడు. చివరి కాగితం దగ్గర ఆగిన వేలు తీయలేదు. ముత్తప్ప ఆ వేలి కింద చూశాడు. వంకర టింకరగా, మూడో తరగతి చేతిరాతలో, తన పేరు.

"ఇది నాది."

"నీదే. జీవాల మీద పరీక్ష చేయాలంటే వాటిని చూసుకునేవాడు సంతకం పెట్టాల, రూలు. నాలుగు నెలలు ఈ ఫైలు కదల్లేదు. ఇది వచ్చినాకనే కదిలింది."

"నేను నెల లెక్కకు పెట్టినాను. ఎన్ని గొర్రెలు ఉండాయంటే ఇన్ని అని."

"అదే ఫారం. పైన ఒక వరుస కొత్తగా వేసి పంపినారు. ఈ అరవై గొర్రెలు పరీక్షకు ఇచ్చేదానికి సిద్ధంగా ఉండాయి అని. ఇంగ్లీషులో ఉండాది. మీ మేడం చూసిందో లేదో నాకు తెలీదు."

ఫ్యాను గాలికి కాగితం లేచి పడుతోంది. మేడం అడిగినదాన్నే అంది, కంపెనీ తీసుకోను అంది, కమిటీ తప్పు లేదు అంది. ఇంతమందిలో అవునన్నవాడు ఒక్కడే, అతను ముత్తప్ప. అదీ తనకు తెలియకుండా.

"అయితే ఇప్పుడు ఒప్పుకోను అని ఇంకొక సంతకం పెడతాను. ఇయ్యి."

"దానికి ఫారం లేదన్నా."

ఆ మాట సెల్వరాజ్ ఎగతాళిగా అనలేదు. నిజంగానే లేదు.  తర్వాత సెల్వరాజ్ అదే కాగితాన్ని ముందుకు జరిపి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒకటి చెప్పు. ఈడి షెడ్డుకు తోలుకొచ్చేదానికి శుక్రవారం లారీ వస్తాది. అరవై అని ఉండాది ఈడ. సరిగ్గా ఉండాయి కదా? ఒకటి ఎక్కువున్నా తక్కువున్నా ఇప్పుడే చెప్పు. ఫైలు మొదటికి పోతాది."

ముత్తప్ప తల ఎత్తాడు. "తప్పుంటే ఆగిపోతాదా?"

"ఆగదు. నెలో, నెలన్నరో ఆలస్యమైతాది. దాని తర్వాత సరైన లెక్కతో మళ్ళీ వస్తాది."

అరవై ఒకటి అనాలి. అంతే. ఒక్క మాటంటే లారీ నెలా నెలన్నర రాదు. నెలన్నరలో ఏమైనా జరగవచ్చు. కంపెనీ మనసు మారవచ్చు. అయితే అట్లా మనసు మారే లోకమా ఇది? ఏమీ జరగకుంటే నల్లచుక్క కూడా కాగితంలోకి ఎక్కుతుంది, చెవికి బిళ్ళ పడుతుంది. మూడు తరాలుగా ఎవరూ చెప్పని లెక్క తన నోటితో చెప్పాలి. అరవైకి నెలన్నర ఊపిరా, ఒకదానికి ప్రాణమా? ఇలాంటి బేరం తేల్చడానికి వాళ్ళ అమ్మ కావాలి. అమ్మ లేదు. సెల్వరాజ్ పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"చెప్పన్నా."

"అరవై," అన్నాడు ముత్తప్ప. "సరిగ్గా ఉండాది."

సెల్వరాజ్ చిన్న టిక్కు పెట్టాడు.

బస్సులో ముత్తప్ప బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేసింది మంచో చెడ్డో తెలియలేదు. అరవై అనేది ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట, అలవాటు కొద్దీ వచ్చేసిందా, ఆలోచించి అన్నాడా, అదీ తెలియలేదు. శూలగిరి దాటినాక బుట్ట మీది తుండు తీసి చూశాడు. ఆకుల అంచులు పసుపు పచ్చగా మారి లోపలికి ముడుచుకుంటున్నాయి. నీళ్ళ సీసా చేతిలోనే ఉంది. చల్లలేదు.

*

శుక్రవారం లారీ వచ్చింది. మేడం చేతిలో నంబర్ల పట్టీ ఉంది. ఒక్కొక్క గొర్రె చెవి బిళ్ళ చూసి ఆమె నంబరు చదివింది, ముత్తప్ప పట్టుకుని ఎక్కించాడు. బయటివాళ్ళు పట్టుకుంటే బెదిరి కాళ్ళు విరగ్గొట్టుకుంటాయని అతనే ఎక్కించాడు. అతని చెయ్యి కాబట్టి అవి నమ్మి ఎక్కాయి. ఆ పని అతను చేసి ఉండకూడదని తర్వాత నంజమ్మ అంది. మరి ఎవరు చేయాలి అని అతను అడిగాడు.

మధ్యలో ఒకసారి మేడం పట్టీమీదనుంచి తల ఎత్తకుండా అంది. "పైన ఉన్న వరుస నేను చదవలేదప్పా. ఎప్పటి ఫారమే కదా అనుకున్నాను."

"నేను కూడా అంతే మేడం," అన్నాడు ముత్తప్ప.

అరవై ఎక్కాయి. నల్లచుక్కను ఈసారి ముత్తప్ప పక్క పొలానికి తోలలేదు. తోలాలని కూడా తోచలేదు. అది దొడ్డి మూలనుంచి పరుగెత్తి వచ్చి, లారీ పలక మీద ముందు కాళ్ళు వేసింది. మందతో పాటు పోవడం తప్ప గొర్రెకు ఇంకేం తెలుసు.

"ఇంకొకటి మిగిలిందప్పా," అని డ్రైవర్ దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"దాన్ని వదులు," అంది మేడం. పట్టీ చూసింది. నల్లచుక్క దగ్గరికి వచ్చి ఎడమ చెవి పట్టి చూసింది, కుడి చెవి పట్టి చూసింది. రెండింటిలోనూ రంధ్రం లేదు. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న గొర్రెను అప్పుడే చూసినట్టు చూసింది. "ఇది నా పట్టీలో లేదు. ఊళ్ళో ఎవరిదో వచ్చి చేరినట్టుండాది. పలక ఎత్తు."

లారీ కదిలింది. నల్లచుక్క దాని వెంట పరుగెత్తబోయింది. ముత్తప్ప మెడ పట్టుకుని కింద కూలబడ్డాడు. లారీలోనుంచి అరవై గొంతులు, ఇక్కడినుంచి ఒక గొంతు. అది తన్నింది, కొమ్ము లేని తలతో అతని ఛాతీని గుద్దింది. వదులు నన్ను, అవి పోతున్నాయి, నేనెందుకు ఇక్కడ అని అడుగుతున్నట్టే ఉంది. అతను వదల్లేదు. లారీ గులాబీ తోటల మలుపు తిరిగి కనపడకుండా పోయినాక కూడా వదల్లేదు.

నంజమ్మ అన్నం తెచ్చింది. అన్నం అతను ముట్టలేదు. గది గోడకు తగిలించిన వైరు బుట్టను ఆమె తీసి చూసింది. ఆకులు పూర్తిగా వాడిపోయి గుడ్డకు అంటుకున్నాయి. వాటిని దొడ్డి బయటికి విసిరింది. నల్లచుక్క అరుస్తూ అరుస్తూ పోయి, వాసన చూసి, ఒక ఆకును నోట్లోకి తీసుకుని నమిలింది.

"అయ్యో," అంది నంజమ్మ. "దేవుడి గొర్రె నమిలేసింది కదయ్యా. ఇప్పుడెట్ల?"

"ఏం ఎట్ల?"

"మాట ఇచ్చినట్టా, లేదా?"

"ఎవరికి?" అన్నాడు ముత్తప్ప.

ఆమె ఆలోచించింది. బుట్టలోని శాలువా తీసి దులిపి భుజం మీద వేసుకుంది.

*

నెలాఖరున మేడం రిజిస్టర్ తెచ్చింది. మంద లేని చోట కాపరి ఎందుకని వచ్చే నెలనుంచి ముత్తప్పను రావద్దన్నారు. ఆ సంగతి ఆమె మూడు రోజుల ముందే చెప్పింది, చెప్పలేక చెప్పింది. ఆమెను కృష్ణగిరికి మార్చారు. కంపెనీ డబ్బుతో నడిచే షెడ్డుకు ఆమే పెద్ద. అభినందించాలో ఓదార్చాలో ముత్తప్పకు తెలియలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు.

ఇద్దరూ తొట్టి గట్టు మీద కూర్చున్నారు. నల్లచుక్క దొడ్డి మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. అరిచి అరిచి దాని గొంతు బొంగురుపోయింది. ఎటు తిరిగి పడుకోవాలో తెలియక నాలుగు రోజులుగా నిలబడే ఉంటోంది.

మేడం పెన్ను తీసింది. ఎప్పటిలాగే అడిగింది.

"ఎన్ని ముత్తప్పా?"

ముత్తప్ప దొడ్డివైపు చూశాడు. మేడం కూడా అటే చూసింది. గొర్రె వాళ్ళిద్దరినీ చూసి ఒకసారి అరిచింది.

"ఏమీ లేవు మేడం."

ఆమె సున్నా చుట్టింది. రిజిస్టర్ అతని ముందుకు జరిపి వేలితో చోటు చూపించింది. ముత్తప్ప పెన్ను అందుకోలేదు.

"పైన ఏముండాదో చదవండి," అన్నాడు. "అంతా చదవండి. చిన్న అక్షరాలు కూడా."

ఆమె మొదటి వరుసనుంచి చదివి, ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పింది. తారీఖు చదివింది, కేంద్రం పేరు చదివింది, పేజీ నంబరు కూడా చదివింది. చాలాసేపు పట్టింది. అంతా అయినాక ముత్తప్ప సంతకం పెట్టాడు. లేచి, నల్లచుక్క మెడకు తాడు వేసి, గేటు దాటించి ఇంటి దారి పట్టాడు. అది నాలుగడుగులకు ఒకసారి ఆగి, లారీ పోయిన వైపు తిరిగి చూస్తోంది. లాగకుండా, అది కదిలేదాకా అతనూ ఆగుతున్నాడు.